ఇంటివాళ్ళ పాట

మార్చి 2, 2003. ఆదివారం

ఈ డైరీని పురుగుమందుల షాపువాళ్ళు అంకమ్మరావు గారికి ఇచ్చారు. ఆయనకి రాసుకునేంత సంగతులేమీ లేక మా నాన్నకి ఇచ్చాడు. మా నాన్న ఏసోబు నేను పుట్టకముందు నుంచీ ఆయన దగ్గర పాలేరు. నాన్నకి సంతకం ఒక్కటే వచ్చు కాబట్టి నాకిచ్చాడు. ప్రతి పేజీ అడుగున రైతుకి ఒక హితవు ఉంది. ఈ రోజుది "మందు కొట్టేటప్పుడు గాలికి ఎదురు నిలబడకండి". చర్చిలో ఈ ఆదివారం విన్న ప్రసంగం కన్నా ఇదే పనికొచ్చేలా ఉంది.

నా పేరు శాంతి. ఈ నోటికి ఈ పేరు ఎవరు పెట్టారో అని అమ్మ రోజూ అంటుంది. ఎవరో కాదు, తనే పెట్టింది.

ఇంటర్ రెండో ఏడు పరీక్షలు దగ్గరకొచ్చాయి కాబట్టి డైరీ మొదలుపెట్టాను. చదవాల్సిన రోజుల్లో చదువు తప్ప ఏ పని చేసినా హాయిగానే ఉంటుంది.

మార్చి 5, బుధవారం

శ్రమదినాలు మొదలయ్యాయి. ఈస్టరు దాకా పల్లెలో మాంసం లేదు, సినిమా లేదు, సాయంత్రం చదువూ లేదు. రోజుకొక ఇంట్లో కాటేజీ ప్రార్థన. పల్లె మొత్తానికి కాటేజీ ఒక్కటి లేదు, అన్నీ రెండు గదుల కాలనీ ఇళ్ళే. తెల్లదొరలు పెట్టి పోయిన పేరు కదా, మనమెందుకు మార్చడం అని అలాగే ఉంచారు.

ఈ రోజు మొదటి ఇంట్లో అయింది. మిరప కోతల నుంచి ఆడవాళ్ళు వచ్చి, కాళ్ళు కడుక్కుని చాపల మీద కూర్చున్నారు. నడిపించేది సుబ్బరావమ్మ పెద్దమ్మ. ఆవిడ మా చర్చికి బైబిలు స్త్రీ, ఇంటింటికీ తిరిగి వాక్యం చెబుతుంది. జీతం నామమాత్రం, అజమాయిషీ మాత్రం పాస్టరు గారి మీద కూడా ఉంటుంది. ప్రార్థన, వాక్యం, మళ్ళీ ప్రార్థన, ఆ తర్వాత ఇంటివాళ్ళ పాట. ఎవరింట్లో కూడుకుంటే ఆ ఇంటి పిల్లలు పాటల పుస్తకంలో ఒక నంబరు చెప్పాలి, అందరూ అదే పాడాలి. నంబరు చెప్పేదాకా కూడిక ముందుకు సాగదు. పోయినేడు ఒక పిల్లవాడు సిగ్గుపడి మంచం కింద దూరితే పెద్దమ్మ ఆ మంచం పక్కనే చతికిలబడి, వాడు నంబరు చెప్పాకే లేచింది. పాట అయ్యాక టీ, శనగ గుగ్గిళ్ళు. మగపిల్లలంతా సరిగ్గా గుగ్గిళ్ళ వేళకి దిగుతారు. వాళ్ళలో మొదటివాడు మా ఫిలిప్.

ఫిలిప్ నాకన్నా రెండేళ్ళు పెద్ద. పది రెండుసార్లు తప్పి, ట్రాక్టరు తోలడం నేర్చాడు. ఎదురుగా అన్నా అంటాను. డైరీలో అననక్కర్లేదు.

మా ఇంటి వంతు వచ్చే శుక్రవారం, పద్నాలుగో తారీఖు.

మార్చి 8, శనివారం

నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పి పుడుతున్నాయి.

అంకమ్మరావు గారి మిరప కళ్ళంలో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి వెళ్ళాం. ఫిలిప్ బస్తాలు ఎత్తుతున్నాడు. కళ్ళం నిండా ఎర్రగా ఎండుకాయ పరిచి ఉంది. అంతలో ఆయన కొడుకు శ్రీకృష్ణ కొత్త బండి మీద వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడంటారు, నేను చూసినప్పుడల్లా బండి మీదే ఉంటాడు. ఇంతమంది ఆడపిల్లలు చూస్తున్నారు కదా అని గట్టు దగ్గర ఆపకుండా కాయ మీదికే పోనిచ్చి బ్రేకు నొక్కాడు. ఎండుమిరపకాయ మీద బ్రేకు నిలుస్తుందా? బండి ఒక పక్కకి, తను ఇంకో పక్కకి, ముఖం కాయలోకి. లేచి రెండు చేతులతో కళ్ళు నలుపుకున్నాడు. కాయ ముట్టిన చేత్తో కళ్ళు నలుపుకోకూడదని మా పల్లెలో మూడేళ్ళ పిల్లకి తెలుసు. ఇక ఆ గెంతులు చూడాలి.

అందరం నవ్వాం. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కుక్కుకోలేదు. ఫిలిప్ కూడా నవ్వుతూనే పరిగెత్తి, శ్రీకృష్ణ తల పట్టుకుని, బిందెలో నీళ్ళు ముఖాన పోశాడు. కాసేపటికి శ్రీకృష్ణకి కళ్ళు తెరుచుకున్నాయి. ఎదురుగా ఫిలిప్ పళ్ళు, తల మీద ఫిలిప్ చెయ్యి.

"ఎవడ్రా నన్ను ముట్టుకోమంది?" అన్నాడు.

ఫిలిప్ చెయ్యి తీసేసి, "ముట్టుకోకుండా ఎలా పొయ్యాలో తెలియలేదండి. ఈసారి దూరం నుంచి బిందె విసురుతాను," అన్నాడు.

మళ్ళీ నవ్వారు. ఈసారి తక్కువమంది. నాన్న అసలు నవ్వలేదు. ఇంటికొచ్చాక చీపురు తీశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, ఆయన తిండి తింటూ ఆయన కొడుకుని చూసి పళ్ళికిలిస్తావా అని ఫిలిప్‌ని తిట్టాడు. మనం ఆయన తిండి తింటున్నామా, మన రెక్కల తిండి ఆయన తింటున్నాడా అని నేను అడిగాను. చీపురు నా వైపు తిరిగింది.

మార్చి 10, సోమవారం

అంకమ్మరావు గారి బోరు దగ్గర రాగి తీగ ఎవరో కోసుకుపోయారట. పోయినేడు కూడా పోయింది. అంతకు ముందేడూ పోయింది. అప్పుడు ఎవరు కోశారో ఆయనకి తెలియలేదు. ఈసారి తెల్లారేసరికి తెలిసిపోయింది.

ఫిలిప్ రాత్రంతా మా ఇంట్లో పక్క మంచంలోనే ఉన్నాడు. వాడి గురక భరించలేక నేను రెండుసార్లు మంచం తన్నాను. నాన్నతో కలిసి ఆయనింటికి వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చాను కూడా. అంకమ్మరావు గారింట్లో పల్లెవాళ్ళకి వరండా దాకానే ప్రవేశం, మా మాటలు కూడా అక్కడే ఆగిపోతాయి.

మార్చి 11, మంగళవారం

పొద్దున ఆయన నాన్నని పిలిపించాడు. కేకలేమీ లేవట, మెత్తగానే మాట్లాడాడట. కుర్రాణ్ణి నువ్వే స్టేషన్‌కి తీసుకెళ్ళి ఎస్సై గారికి చూపించు, రెండు ముక్కలు అడిగి పంపించేస్తారు, జీపు పల్లెలోకి వస్తే పరువు నీదే కదా పోయేది అన్నాడట. ఆయన ఎంత మంచివాడో చూశారా అన్నట్టు నాన్న మాకు ఆ మాటలు చెప్పాడు.

సుబ్బరావమ్మ పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది. నువ్వే తీసుకెళితే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే, వాళ్ళు కావాలంటే వాళ్ళనే రానివ్వు, పల్లె అంతా చూస్తుండగా తీసుకెళ్ళనివ్వు అని ఎంతో చెప్పింది. నాన్న వినలేదు. మా పల్లెలో ఆ వయసు మగవాళ్ళందరికీ ఇదే జబ్బు. దేవుడు చెబితే ఆలోచిస్తారు, పెద్దాయన చెబితే బయల్దేరతారు.

ఫిలిప్ మాత్రం పెళ్ళికి వెళుతున్నట్టు తయారయ్యాడు. ఇస్త్రీ చొక్కా వేశాడు. నా పౌడరు డబ్బా సగం ఖాళీ చేశాడు. స్టేషన్లో ఫొటో తీస్తారేమోనే అన్నాడు. నాన్న సైకిలు క్యారేజీ మీద కూర్చుంటే వాడి కాళ్ళు నేలకి రాసుకుంటూ వెళ్ళాయి.

నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. సాయంత్రం పంపిస్తామన్నారట.

సాయంత్రం అయింది.

మార్చి 12, బుధవారం

రాలేదు. రేపు వస్తాడు.

మార్చి 12, మళ్ళీ

నాన్న అంకమ్మరావు గారింటికి వెళ్ళొచ్చాడు. ఆయన గుంటూరు వెళ్ళాడని లోపల్నుంచి చెప్పారట. చెప్పులు మాత్రం గుమ్మం ముందే ఉన్నాయట. నాన్న ఈ రెండు సంగతులూ పక్కపక్కనే చెప్పి, రెంటినీ కలిపి చూడలేదు. నేనే కలిపి చూపిస్తే లేచి బయటికి పోయాడు.

నాకేం భయం లేదు. భయం ఉంటే చదువు సాగదు కదా. నేను ఎనిమిది పేజీలు చదివాను. ఏం చదివానో అడగకూడదు.

రేపు వస్తాడు.

మార్చి 13, గురువారం

ఇంగ్లీషు పరీక్ష. నీ జీవితాశయం ఏమిటో వ్యాసం రాయమన్నారు. టీచరునవుతానని రాశాను. ఆ పూటకి నా ఆశయం ఇంకొకటి ఉంది గానీ, అందులో ఎస్సై, ఆయన బెల్టు ఉన్నాయి. రాస్తే మార్కులు రావు.

సెంటరు మండలంలోనే పడింది. పరీక్ష అయ్యేసరికి అమ్మ గేటు బయట నిలబడి ఉంది. ఇద్దరం స్టేషన్‌కి వెళ్ళాం. ఎస్సై పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఫిలిప్పా, వాణ్ణి నిన్ననే వదిలేశాం, దొంగతనం చేసినవాడు ఇంటికెందుకొస్తాడు, ఏ ఊరు పారిపోయాడో మీరే వెతుక్కోండి అన్నాడు. ఎవరినైనా పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కదండీ అని నేను అడిగాను. పదో తరగతి సోషల్ పుస్తకంలో ఉంది. ఈయన ఆ పాఠం రోజు బడి ఎగ్గొట్టినట్టున్నాడు.

ఆయన పుల్ల తీసి నన్ను చూశాడు. ఏం చదువుతున్నావని అడిగాడు, చెప్పాను. ఏ పల్లె అని అడిగాడు, అదీ చెప్పాను.

"మీకు పలకా బలపం ఇచ్చినవాణ్ణి తన్నాలి," అన్నాడు.

నేను ఏదో అనబోతుంటే అమ్మ నా జడ పట్టుకుని బయటికి లాగింది. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ బాలస్వామి ఉన్నాడు. ఆయన తల్లి పక్క ఊరి చర్చిలో మా పెద్దమ్మతో కలిసి పాడుతుంది. మా వాడేనని ఆశపడి చూశాను. ఆయన గోడకున్న క్యాలెండరు చదువుకుంటున్నాడు.

స్టేషన్ ఎదురుగా బస్టాండు, దాని పక్కన మస్తాన్‌బీ టీ బంకు. స్టేషన్ లోపలికి టీలు ఇచ్చేది ఆమే. మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. పొయ్యి వైపే చూస్తూ నెమ్మదిగా చెప్పింది. పిల్లవాడు లోపలే ఉన్నాడట, వెనక గదిలో. మంగళవారం అమ్మా అమ్మా అని అరిచాడట. నిన్న కూడా అరిచాడట.

"ఈ రోజు ఏమీ వినపడలేదమ్మా," అంది.

అమ్మ బెంచీ మీద నుంచి జారి కింద కూర్చుంది. లేపడానికి నేనూ మస్తాన్‌బీ ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

వినపడకపోతే మంచిదే కదా. కొట్టడం మానేశారన్నమాట. నిద్రపోతున్నాడన్నమాట. ఫిలిప్ ఎక్కడ పడితే అక్కడ నిద్రపోగలడు. ఒకసారి బాప్తిస్మం ఆరాధనలో నిలబడే నిద్రపోయాడు.

నిద్రపోతున్నాడు. అంతే.

మార్చి 14, శుక్రవారం
(రాస్తున్నది శనివారం పొద్దున, గుంటూరు పెద్దాసుపత్రి వరండాలో)

మొదటి నుంచి వరసగా రాయాలి. లేకపోతే కొన్నాళ్ళకి నేనే నమ్మను.

నిన్న ప్రార్థన మా ఇంటి వంతు. మానేద్దామని అమ్మ అంది. బిడ్డ లేని ఇంట్లో కూడిక ఏం పెట్టుకుంటాం అంది.

"వాడెక్కడుంటే అదే మీ ఇల్లమ్మా. అక్కడే పెట్టుకుందాం," అంది సుబ్బరావమ్మ పెద్దమ్మ.

ఊరడింపుకి అంటోంది అనుకున్నాను. చూస్తే అప్పటికే చాపలు చుడుతోంది. నాన్న అడ్డం పడ్డాడు, అంకమ్మరావు గారికి తెలిస్తే బాగుండదన్నాడు. పెద్దమ్మ ఆయన చేతిలో ఒక చాప పెట్టింది.

కబురు కళ్ళాలకి పాకింది. ఫిలిప్‌తో పాటు డ్రైవింగు నేర్చుకున్న సైదా ఇటుకబట్టీ ట్రాక్టరు తెచ్చాడు. పని చేస్తున్నవాళ్ళు చేస్తున్నట్టే లేచి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ట్రాక్టరు వెనక ట్రక్కెక్కారు. పొద్దు వాలుతుండగా స్టేషన్ ముందు దిగి, మెట్ల దాకా చాపలు పరిచి, కూర్చోబోయే ముందు అందరూ ఒక్కసారి కొంగులు దులిపారు. పొద్దుట్నుంచి ఎండుకాయలో పొర్లిన కొంగులు. ఆ ఘాటు నేరుగా స్టేషన్ గుమ్మంలోకి పోయింది. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు, రోజూ చేసేదే.

ఎస్సై బయటికి ఉరికాడు. తిట్టడానికి నోరు తెరిచినప్పుడల్లా తుమ్ము. మీ పల్లె మొత్తాన్ని అని తుమ్మాడు. లోపలేసి అని తుమ్మాడు. వెనక కానిస్టేబుళ్ళు కూడా అందుకున్నారు. బస్టాండులో జనం లేచి నిలబడి చూడసాగారు.

పెద్దమ్మ చేతులు జోడించింది. ఇది సభ కాదయ్యా, ధర్నా కాదు, ఇంటి ప్రార్థన, మా ఏసోబు కొడుకు మీ ఇంట్లో ఉన్నాడని ఇక్కడికి వచ్చాం అంది. వాడు లేడని నిన్ననే చెప్పాను కదా అని ఎస్సై అరిచాడు. బస్టాండు మొత్తానికి వినపడేలా అరిచాడు. ఇక్కడ ఎవడూ లేడు, కావాలంటే దేవుణ్ణి అడుక్కుని పదినిమిషాల్లో పొండి అన్నాడు. అదే ఆయన చేసిన తప్పు.

మొదటి పాట, ప్రార్థన, వాక్యం. పెద్దమ్మ అధికారుల కోసం ప్రార్థన చేసింది. ఎస్సై గారి భార్యాపిల్లల కోసం, ఆయన ప్రమోషన్ కోసం, ముఖ్యంగా ఆ జలుబు తగ్గడం కోసం చేసింది. వెనక వరసలో ఎవరికో నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. అమ్మ నా తొడ గిల్లింది.

అప్పుడు పెద్దమ్మ లేచింది. మా వైపు కాకుండా స్టేషన్ వైపు తిరిగింది.

"ఇంటివాళ్ళ పాట. ఫిలిప్పూ, నంబరు చెప్పు నాయనా," అంది.

బస్సు ఒకటి వచ్చి ఆగింది. ఎస్సై నవ్వి, గోడలు చెబుతాయా నంబరు అన్నాడు. పెద్దమ్మ ఆయన వైపు చూడలేదు. మళ్ళీ అడిగింది. మస్తాన్‌బీ బంకు దగ్గర స్టవ్వు ఆపేసింది, ఆ మోత లేకపోతే వినపడుతుందని. వాడు చచ్చిపోయాడని ఆ నిమిషంలో నేను పూర్తిగా నమ్మాను. గురువారం రాసిందంతా నాకు నేను చెప్పుకున్న అబద్ధం.

అమ్మ లేచింది. అమ్మకి గొంతు పెద్దది కాదు.

"ఒరేయ్ ఫిలిప్పూ, మనింట్లో ప్రార్థనరా. అందరూ కూర్చున్నారు. నంబరు చెప్పరా," అంది.

"మూడొందల పన్నెండు."

అది మా ఫిలిప్ గొంతులా లేదు. ముసలాయన ఎవరో అన్నట్టుంది. భవనం వెనక వైపు నుంచి వచ్చింది. అమ్మ "సరే నాన్నా" అని కూర్చుంది. పుస్తకాలు తెరుచుకున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఆ పాటకి పద్నాలుగు చరణాలు. పుస్తకం మొత్తంలో అంత పొడుగు పాట ఇంకొకటి లేదు. మా పల్లెలో ఎవరూ ఆ నంబరు చెప్పరు, చెబితే టీ చల్లారిపోతుందని మిగతావాళ్ళు ఊరుకోరు. ఫిలిప్‌కి దేవుడి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను. మూడో చరణంలో అర్థమైంది. బయట మేం పాడుతున్నంతసేపూ లోపల వాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. వాడికి కావలసింది పాట కాదు, ఆ కాస్త సేపు. ఏడ్చాను. నాలుగో చరణం నుంచి నేను పాడలేదు.

పెద్దమ్మకి నాకన్నా ముందే అర్థమైనట్టుంది. పాట నెమ్మది చేసింది. ప్రతి చరణం రెండుసార్లు, మధ్యలో పల్లవి. పద్నాలుగూ అయ్యాక కళ్ళు తెరవకుండానే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. బాలస్వామికి పల్లవి వచ్చు. పెదాలు కదుపుతున్నాడు. ఎస్సై తిరిగి చూస్తే తుమ్ము వస్తున్నట్టు ముఖం పెట్టాడు.

బస్సు దిగినవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. లోపల ఎవరూ లేరన్నారు కదండీ అని ఒకాయన ఎస్సైనే అడిగాడు. ఇంకొకాయన నేను పేపరు విలేకరినండి అని చెప్పుకుని మరీ అదే మాట అడిగాడు. ఎస్సై లోపలికి వెళ్ళాడు, బయటికి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఫోను మోగింది. నాన్నని లోపలికి పిలిచారు.

రెండోసారి తొమ్మిదో చరణంలో ఉండగా ఫిలిప్‌ని తీసుకొచ్చారు. ఒక పక్క నాన్న, ఒక పక్క బాలస్వామి. ఇస్త్రీ చొక్కా లేదు. నడవలేదు, పాదం కింద పెడితే అరిచాడు. పాట ఆపింది ఎవరో తెలియదు, ఆగిపోయింది. ట్రక్కులో చాపలన్నీ వాడి కిందే పరిచారు.

దారిలో నాన్న చెప్పాడు. కొడుకుని క్షేమంగా తీసుకెళుతున్నానని సంతకం పెట్టాడట. కళ్ళంలో పడ్డాడని చెప్పండి, కేసు లేకుండా చేస్తాను అని ఎస్సై అంటే తల ఊపాడట. ఊపకపోతే వదలరేమోనని ఊపానమ్మా అన్నాడు. నాకు తెలుసు, నేనున్నా ఊపేదాన్నేమో. అయినా అప్పటి నుంచి నాన్నతో మాట్లాడటం లేదు.

మార్చి 15, శనివారం, సాయంత్రం

ఫిలిప్‌కి మధ్యాహ్నం తెలివి వచ్చింది. మొదటి మాట, నిన్న గుగ్గిళ్ళు ఎవరు తిన్నారే అని. ఎవరూ తినలేదు, వండలేదు అన్నాను. మరి అంత పొడుగు పాట దేనికి పాడారు అన్నాడు. నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని ఆగాడు. నేను నర్సుని పిలవడానికి వెళ్ళినట్టు వెళ్ళి, మెట్ల కింద నిలబడి ఏడ్చి వచ్చాను.

ప్రాణానికి భయం లేదన్నారు. మూత్రంలో రక్తం పడుతోంది, అది చూస్తామన్నారు. ఎడమ పాదంలో రెండు ఎముకలు విరిగాయి. ట్రాక్టరు క్లచ్చు ఎడమ కాలితో తొక్కాలి కదా, తొక్కగలడా అని అడిగితే ఇప్పుడే చెప్పలేమన్నారు.

నాలుగింటికి అంకమ్మరావు గారు వచ్చాడు. సంచీ నిండా బత్తాయిలు. గుంటూరులో ఏదో పని ఉండి వచ్చాడట, మా వాడే కదా అని ఇటు వచ్చాడట. నాన్న గబుక్కున లేచి నిలబడ్డాడు, ఉన్న ఒక్క స్టూలు ఆయనకి జరిపాడు. అమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. అయిపోయింది ఏసోబూ, ఇక ఇంతటితో మరిచిపోదాం, మందుల ఖర్చు నేను చూసుకుంటా అని ఆయన అన్నాడు. నాన్న చేతులు కట్టుకుని వింటున్నాడు. నాకు ఆయన మీద కన్నా నాన్న మీదే ఎక్కువ కోపం వచ్చింది.

అప్పుడే డ్యూటీ డాక్టరు కాగితాలు పట్టుకుని వచ్చాడు. కుర్ర డాక్టరు. దెబ్బలు ఎలా తగిలాయో రాయాలి, చెప్పండి అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అంకమ్మరావు గారు అందుకున్నాడు. మా పాలేరు కొడుకండి, కళ్ళంలో ట్రక్కు మీద నుంచి జారిపడ్డాడు అని, మధ్యమధ్య ఇంగ్లీషు కలిపి చెప్పాడు. డాక్టరు దుప్పటి తీసి ఫిలిప్ అరికాళ్ళు చూశాడు. రెండూ ఒక్కలాగే కమిలి, వాచి ఉన్నాయి. మీరు తండ్రా, మీరు చూశారా పడటం అని నాన్నని అడిగాడు.

నాన్న అంకమ్మరావు గారి ముందు ఎప్పుడూ నిలబడేట్టే కొంచెం వంగి నిలబడి ఉన్నాడు. నిన్న ఊపినట్టే ఊపుతాడనుకున్నాను.

"పడలేదండి," అన్నాడు. "నేనే సైకిలు మీద తీసుకెళ్ళి స్టేషన్లో అప్పజెప్పానండి. వాడి కాళ్ళతో వాడే నడుచుకుంటూ లోపలికెళ్ళాడండి. పోలీసులు కొట్టారండి. రాయండి."

ఫిలిప్ కళ్ళు తెరిచాడు. అంకమ్మరావు గారు స్టూలు మీద నుంచి లేచాడు.

"ఏం మాట్లాడుతున్నావురా ఏసోబూ?"

"మీరు తీసుకెళ్ళమన్నారు, తీసుకెళ్ళానయ్యా. అదే చెబుతున్నాను," అన్నాడు నాన్న. డాక్టరు వైపు తిరిగి, "అది కూడా రాయండి," అన్నాడు.

డాక్టరు రాశాడు. చాలాసేపు రాశాడు. అంకమ్మరావు గారు వెళ్ళిపోయాడు. బత్తాయిల సంచీ కూడా పట్టుకుపోయాడు. ఇక ఆ గడప తొక్కేది లేదు, ఆ పని లేదు, బహుశా ఊళ్ళో ఏ కళ్ళంలోనూ మాకు పని ఉండదు. ఎస్సైకి ఈ మాట రేపటికి చేరుతుంది.

నాన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన గుమ్మం వైపే చూస్తున్నాడు.

"గట్టిగా అన్నానా అమ్మా?" అని అడిగాడు.

"లేదు నాన్నా. మెల్లగానే అన్నావు."

"వినపడిందిగా?"

"వినపడింది నాన్నా," అన్నాను.